పిల్లాపాపలతో అడవికి: దారి తప్పక ముందు, తప్పిన తర్వాత

మన అడవుల్లో కుటుంబాలు ఆపదలో పడేది పులి వల్ల కాదు. నీళ్లు చాలకపోవడం, చీకటి పడిపోవడం, వాగు పొంగడం, తేనెపట్టు కదలడం, పాము మీద కాలు పడడం. ఎక్కువగా ఇవే. ఫాల్గుణ పౌర్ణమికి శేషాచలంలోని తుంబురు తీర్థానికి వెళ్లేవాళ్లు, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరానికి దిగేవాళ్లు, ఉగాదికి ముందు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి నడిచేవాళ్లు, అందరూ ఎండలు ముదిరే వేళే అడవిలో ఉంటారు. మారేడుమిల్లి, తలకోన జలపాతాలకు జనం ఎగబడేదేమో వానలు పడ్డాక. ఈ రెండు కాలాలకూ జాగ్రత్తలు వేరు. కర్రలు రుద్ది నిప్పు పుట్టించడం, ఉచ్చులు పన్నడం లాంటి వీడియో విద్యల్ని ఇక్కడ వదిలేస్తున్నాం. ఒక పగలు, మహా అయితే ఒక రాత్రి గట్టెక్కాల్సిన కుటుంబానికి వాటితో పనిలేదు.

ఇల్లు కదలకముందు

మొదట అనుమతి. రిజర్వు ఫారెస్టులో, ముఖ్యంగా టైగర్ రిజర్వులో, అటవీ శాఖ తెరిచిన దారుల్లో, తెరిచిన రోజుల్లో మాత్రమే నడవాలి. ఇది జరిమానా భయంతో చెప్పే మాట కాదు. చెక్‌పోస్టులో మీ పేరు, బండి నంబరు రాసుకుంటే సాయంత్రానికి ఒక బండి తిరిగి రాలేదన్న సంగతి ఎవరో ఒకరికి తెలుస్తుంది. దొంగదారిన వెళ్లినవాళ్ల కోసం వెతకడానికి ఎవరూ బయల్దేరరు, వెళ్లారనే తెలియదు కాబట్టి. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో అడవి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటాయి. తిరుగు ప్రయాణం లెక్క వేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. గేటు పడ్డాక అక్కడే బండిలో పడుకోవడం మేలు, అడ్డదారి వెతకడం కాదు.

రెండోది చీటీ. ఎక్కడ లోపలికి దిగుతున్నారు, ఏ దారిన వెళ్తున్నారు, ఎంతమంది, పిల్లల వయసులు, బండి నంబరు, ఎన్నింటికి బయటికి వస్తారు. చివర ఈ వాక్యం తప్పక ఉండాలి: "సాయంత్రం 7 దాకా మా ఫోన్ రాకపోతే 112కి చేసి ఇదంతా చదివి వినిపించు." దీన్ని ఒక్క మనిషికి, పేరు పెట్టి, ఫోన్ చేసి అప్పజెప్పండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేస్తే లాభం లేదు. ఇంకొకరు చూసుకుంటారులే అని అందరూ ఊరుకుంటారు. బయటికి రాగానే ఆ మనిషికి ఫోన్ చేయడం మీ బాధ్యత. అది మరిచిపోతే ఒక పోలీసు బృందం ఊరికే అడవి పట్టుకు తిరగాల్సి వస్తుంది.

మూడోది ఫోన్లు. వెళ్లే ప్రాంతం మ్యాపును ఇంటి దగ్గరే వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోండి. మ్యాపులో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి, అక్షాంశం, రేఖాంశం. వాటిని కాపీ చేసి మామూలు ఎస్సెమ్మెస్‌లో పంపడం ఇంట్లో అందరూ ఒకసారి చేసి చూడాలి, పదేళ్లు దాటిన పిల్లలతో సహా. నెట్ అందని చోట కూడా జీపీఎస్ పనిచేస్తుంది. నెట్ లేకపోయినా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి దూరిపోతుంది. ఇంకొక మాట, అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే బంధువులు శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు తెస్తామంటే వద్దనండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని ఉంచుకుంటే కేసు అవుతుంది.

నీళ్ల లెక్క

ఎండాకాలం పగటి నడకకు పెద్దవాళ్లకు మూడు నుంచి నాలుగు లీటర్లు, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రెండు లీటర్లు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉంటే 10 నుంచి 12 లీటర్లు, అంటే దాదాపు 12 కిలోల బరువు. మోయలేమనిపిస్తే నడక తగ్గించుకోండి, నీళ్లు కాదు. బండిలో ఇంకో ఐదు లీటర్లు విడిగా ఉంచి దాన్ని ముట్టుకోకండి. పోయేటప్పుడు మూడో వంతు, వచ్చేటప్పుడు మూడో వంతు, మిగిలిన మూడో వంతు ఆపదకు. పోయేటప్పటి వాటా అయిపోతే గమ్యం కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి.

చెమట ధారగా కారేటప్పుడు ఉత్త నీళ్లే గడగడా తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి, మగత వస్తాయి. తినడానికి ఉప్పు తగిలేదేదైనా ఉండాలి, లేదా ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరులో కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా షాపుల్లో దొరుకుతాయి, కాబట్టి ముందు వెనక తిప్పి చదవండి. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి పిల్లలకు పట్టిస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది, ఆ చిక్కటి ఉప్పు ఒంట్లో నీటినే లాగేస్తుంది. డబ్బాల్లో వచ్చే తీపి పళ్లరసాలు దీనికి బదులు కావు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, అంచు దాకా గీసి కొలిచి.

తెచ్చినవి అయిపోయి వాగు నీళ్లే గతి అయితే, నిలవ గుంట కంటే పారే నీళ్లు మేలు. నాలుగు మడతల నూలు గుడ్డలో వడకట్టండి. క్లోరిన్ మాత్ర ఉంటే లేబుల్ చూసి వేయండి (లీటరుకు ఒకటి వేసేవి వేరు, 20 లీటర్లకు ఒకటి వేసేవి వేరు), అరగంట ఆగండి. తాగేముందు లేతగా క్లోరిన్ వాసన ఉండాలి. వాసన లేకపోతే మురికి దాన్ని మింగేసిందని అర్థం, ఇంకోసారి వేయాలి. మరిగించే వీలుంటే బుడగలు తెర్లిన తర్వాత ఒక నిమిషం చాలు. బురద నీటిలో చిల్లగింజ అరగదీస్తే తేరుకుంటుందన్నది నిజమే, కానీ తేరిన నీళ్లలో క్రిములు ఉండనే ఉంటాయి. పైగా చిల్లగింజకు దగ్గరి చుట్టమైన ముష్టి గింజ ప్రాణాంతక విషం. తేడా తెలియనివాళ్లు ఆ పని పెట్టుకోవద్దు. ఏ మాత్రా లేక, మంటా లేక, దాహంతో ఒళ్లు తూలుతుంటే మాత్రం వడకట్టిన వాగు నీళ్లు తాగేయండి. విరేచనాలు రెండు రోజుల తర్వాతి సంగతి, దాహం ఈ పూటది.

ఎవరి సామాను వాళ్ల ఒంటి మీదే

చాలా కుటుంబాలు చేసే తప్పు, అన్నీ నాన్న బ్యాగులోనే పెట్టడం. పిల్లవాడు తప్పిపోతే ఆ బ్యాగు వాడి దగ్గర ఉండదు కదా. ఐదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నడుముకో వీపుకో చిన్న సంచి ఉండాలి. అందులో ఇవి:

- బఠాణీ గింజ లేని ప్లాస్టిక్ విజిల్. గింజ ఉన్నది తడిస్తే పలకదు. మెడకు తాడుతో కట్టకండి, కొమ్మకు చిక్కుకుంటే ఉరి పడుతుంది. సంచి పట్టీకి పిన్నీసుతో గుచ్చండి.
- చిన్న టార్చి. ఫోన్ లైటు టార్చి కాదు, అది బ్యాటరీని తినేస్తుంది.
- చెత్తకు వాడే పెద్ద, మందమైన కవరు ఒకటి. మూసి ఉన్న వైపు మొహం పట్టేంత రంధ్రం ఇంట్లోనే కోసి పెట్టండి. వాన పడితే రెయిన్‌కోటు, రాత్రయితే దుప్పటి. రంధ్రం కోయని కవరు పిల్లల చేతికి ఇవ్వకండి, తల లోపల పెట్టుకుంటే ఊపిరాడదు.
- అర లీటరు నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్, రెండు పల్లీపట్టీలు.
- పేరు, ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు, మందులు పడకపోతే ఆ వివరం రాసిన కాగితం, జిప్ కవరులో.

పెద్దవాళ్ల బ్యాగులో అదనంగా: 15 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీలు రెండు, గాజుగుడ్డ, టేపు, పావిడోన్ అయోడిన్, పారాసెటమాల్, సెట్రిజిన్ (పిల్లల డోసు డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాసుకుని), పట్టకారు, ముల్లు తీసే సూది, పది మీటర్ల తాడు, నిండా చార్జి చేసిన పవర్‌బ్యాంకు, దాని కేబులు. కేబుల్ మరిచిపోయేవాళ్లే ఎక్కువ. బీపీ, షుగరు, ఆస్తమా మందులు రోజువారీ లెక్క కంటే రెండు రోజులకు ఎక్కువ ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లకు తీపి ఏదైనా చేతికందే జేబులో.

బట్టలు నారింజ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటే దూరం నుంచి కనిపిస్తాయి. ఖాకీ, ఆకుపచ్చ వేస్తే పది గజాల్లో కలిసిపోతారు. నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు. సెంటు, ఘాటైన తలనూనె వద్దు, కారణం తేనెటీగల దగ్గర చెబుతాం. నడక మొదలుపెట్టేముందు ప్రతి ఒక్కరినీ నిలువెత్తు ఫొటో తీసి, బూటు అడుగులను కూడా ఒక ఫొటో తీయండి. ఎవరైనా తప్పిపోతే "ఏ రంగు చొక్కా?" అనే ప్రశ్నకు ఖంగారులో జవాబు తట్టదు. బూటు గుర్తు తెలిస్తే అడుగుజాడ పట్టేవాళ్లకు సగం పని అయినట్టే.

నడిచేటప్పుడు

ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. చివరి మనిషిని దాటి ఎవరూ వెనక ఉండకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిచే వాళ్ల నడకే అందరి నడక. పిల్లలతో అడవి దారిలో గంటకు రెండు కిలోమీటర్లు అనుకోండి. ప్రతి 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట కలపండి.

వెనక్కి తిరిగే సమయం బయల్దేరేముందే నిర్ణయించుకుని పిల్లలకు కూడా చెప్పండి, మధ్యాహ్నం ఒంటిగంట అని. జలపాతం చప్పుడు వినిపిస్తున్నా ఒంటిగంటకు తిరగాల్సిందే. చేయి చాచి సూర్యుడికీ నేల అంచుకూ మధ్య వేళ్లు పెట్టి, వేలికి పావుగంట చొప్పున పొద్దు లెక్క కట్టమని చెప్పే వీడియోలు ఉన్నాయి. ఆ లెక్క మన దగ్గర నప్పదు. ఉత్తర దేశాల్లో సూర్యుడు ఏటవాలుగా వాలతాడు, మన దగ్గర నిట్టనిలువుగా దిగుతాడు. వేలికి ఏడెనిమిది నిమిషాలే లెక్కపెట్టండి. కుంకాక వెలుతురు కూడా అరగంట నిలవదు, చెట్ల కింద అంతకూ లేదు.

రెండు దారులు కలిసే ప్రతి చోటా ఆగి వెనక్కి తిరిగి చూడండి. వచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ దృశ్యమే. ఒక ఫొటో కూడా తీసుకోండి.

దారి తప్పామని తెలిసిన మొదటి గంట

1. ఆగి కూర్చోండి. అందరూ నీళ్లు తాగండి. పది నిమిషాలు కదలొద్దు. దారి తప్పామని తెలియగానే కాళ్లు వాటంతటవే వేగం పుంజుకుంటాయి, ఆ వేగంలోనే కుటుంబాలు అసలు దారికి మరీ దూరమవుతాయి.

2. చివరిసారి దారి ఖాయంగా తెలిసిన చోటు ఏది? ఆ చోటు పావుగంట లోపు నడకలో ఉండి, మీ అడుగుజాడలు కనిపిస్తుంటే, అందరూ కలిసి అదే జాడన వెనక్కి వెళ్లండి. బయల్దేరే చోట కొమ్మకు రంగుగుడ్డ కట్టి, ప్రతి యాభై అడుగులకూ ఒకటి కట్టుకుంటూ పోండి. పావుగంటలో దారి తగలకపోతే గుడ్డలు పట్టుకుని మొదటి చోటికే తిరిగి రండి. ఇక అక్కడే ఉండాలి.

3. 112కి ఫోన్ చేయండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా ఆ చోట ఇంకో కంపెనీ సిగ్నల్ ఉంటే అత్యవసర కాల్ దాని మీద పోతుంది. కాల్ పడకపోతే, చీటీ ఇచ్చిన మనిషికి ఎస్సెమ్మెస్: "దారి తప్పాం. నలుగురం. దెబ్బలు లేవు. నీళ్లు 3 లీటర్లు ఉన్నాయి. ఇక్కడే ఉంటాం. 16.07412, 78.86853." అంకెల్లో చుక్క తర్వాత ఐదు స్థానాలు ఉండేలా చూడండి. రెండే ఉంటే కిలోమీటరు తేడా వస్తుంది.

4. ఒక్క ఫోన్ మాత్రం వాడండి. మిగతావి స్విచాఫ్. వాడే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాలు మాత్రం తెరవండి. ఆ సంగతి కూడా ఎస్సెమ్మెస్‌లో రాస్తే అవతలివాళ్లు ఆ సమయానికే చేస్తారు.

5. విజిల్ మూడుసార్లు గట్టిగా, ఒక నిమిషం నిశ్శబ్దం, మళ్లీ మూడుసార్లు. ఆ నిమిషం నిశ్శబ్దం ముఖ్యం, ఎదుటివాళ్ల పిలుపు వినపడాలి కదా. అరిస్తే అరగంటలో గొంతు పోతుంది, పైగా అరుపు విజిల్ అంత దూరం వినిపించదు.

6. దగ్గర్లో బండ గానీ ఖాళీ జాగా గానీ ఉంటే చున్నీ, దుప్పటి, ఏదైనా రంగుది పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. డ్రోన్‌కూ ఎదురు కొండ మీది మనిషికీ అది కనిపిస్తుంది.

"కిందికి దిగితే వాగు, వాగు వెంట పోతే ఊరు" అని చాలామంది నమ్ముతారు. నల్లమలలో, శేషాచలంలో ఇది ముంచుతుంది. ఈ వాగులు ఊళ్లలోకి తిన్నగా పోవు, మధ్యలో పదుల అడుగుల బండ చరియల మీంచి దూకుతాయి. పిల్లలతో ఒక చరియ దిగారంటే మళ్లీ ఎక్కలేరు, ముందుకూ పోలేరు. లోయలో సిగ్నలూ ఉండదు, విజిల్ మోతా పైకి రాదు.

దిక్కులు కనిపెట్టే చిట్కాలు కూడా మన దగ్గర తిరగబడతాయి. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందనే సూత్రం, మే చివరి నుంచి జులై మధ్య దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా పనిచేయదు. అప్పుడు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉండి నీడ దక్షిణానికి పడుతుంది. ధ్రువనక్షత్రం మనకు 13 నుంచి 20 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఏ చిన్న కొండ అడ్డొచ్చినా కనపడదు. కర్ర పాతి నీడ కొసను గుర్తు పెట్టి, అరగంట తర్వాత మళ్లీ గుర్తు పెడితే, మొదటి గుర్తు పడమర, రెండోది తూర్పు. ఇదొక్కటే ఏడాదంతా నమ్మదగ్గది. అయినా ఊరు ఏ దిక్కున ఉందో తెలియనప్పుడు దిక్కు తెలిసి ఒరిగేదేమీ లేదు.

పిల్లలు ఒంటరిగా తప్పిపోతే

పిల్లలకు నేర్పాల్సినవి మూడే, అవి కూడా వెళ్లేముందు ఇంట్లో ఆటలా: "ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండు. విజిల్ ఊదు. ఎవరు పేరు పెట్టి పిలిచినా పలుకు." చివరిది తేలిక అనుకోకండి. తప్పిపోయిన పిల్లలు తిడతారేమోనన్న భయంతో, కొత్తవాళ్లన్న జంకుతో, వెతికేవాళ్లు పక్కనుంచే పోతున్నా పొదలో నక్కి కూర్చుంటారు. "తప్పిపోతే ఎవరూ కొట్టరు, తిట్టరు" అని నోటితో చెప్పి ఉంచాలి. ఇంటివాళ్లకే తెలిసిన ఒక ముద్దుపేరు గుర్తుమాటగా పెట్టుకోండి. ఆ పేరుతో పిలిచే పోలీసు మావయ్య దగ్గరకు వెళ్లొచ్చని చెప్పండి.

పెద్దవాళ్లు చేయాల్సింది: చివరిసారి చూసిన చోట ఒకరు కదలకుండా ఉండాలి. మిగతావాళ్లు వంద మీటర్ల లోపు చూడాలి. పిలవడం, నిమిషం వినడం. నీళ్లుంటే ముందు నీళ్ల వైపు. పావుగంటలో దొరకకపోతే 112. ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ పొద్దు గుంకే దాకా ఫోన్ చేయకపోవడమే పెద్ద నష్టం. ఈలోపు పదిమంది పోగై అడ్డదిడ్డంగా తిరిగితే అడుగుజాడలు చెరిగిపోతాయి, వాళ్లను ఆపండి.

రాత్రి అక్కడే గడపాల్సి వస్తే

పొద్దు గుంకడానికి గంటన్నర ముందే నిర్ణయం తీసుకోండి. వాగు ఇసుక మెత్తగా ఊరిస్తుంది, అక్కడ పడుకోకండి. ఎగువన ఎక్కడో వాన పడితే మీ మీద చినుకు రాలకుండానే నీరు వచ్చేస్తుంది. ఎండిన చెట్ల కింద వద్దు. పుట్టలు, రాళ్ల గుట్టలు, బోలు దుంగల పక్కన వద్దు. జంతువులు నీళ్లకు దిగే జాడ మీద వద్దు.

చలి పైనుంచి కంటే కింది నుంచి ఎక్కువ లాగుతుంది. కర్రతో కొట్టి, టార్చి వేసి చూసి, ఎండుటాకులు జానెడు మందం పరిచి, పైన ప్లాస్టిక్ వేయండి. కవర్లు తొడిగి, పిల్లలను మధ్యలో పెట్టుకుని ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని కూర్చోండి. తడిసిన బట్టలు మార్చే వీలు లేకపోతే విప్పి గట్టిగా పిండి మళ్లీ వేయండి. తడిసిన పిల్లవాడు వణకడం మానేసి మత్తుగా, తడబడుతూ మాట్లాడుతుంటే అది నిద్ర కాదు, ఒళ్లు చల్లబడిపోతున్న లక్షణం. వెంటనే పొడి బట్టల్లో మీ ఒంటికి హత్తుకోండి. శీతాకాలంలో అరకు, లంబసింగి చుట్టుపక్కల ఇది నిజమైన భయం.

మంట గురించి చాలామందితో మేం విభేదిస్తాం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎండిన అడవిలో మంట వేస్తే మీరు వేసిన మంటే మీ మీదికి వస్తుంది. పైగా రిజర్వు ఫారెస్టులో అది నేరం. ప్రాణం మీదికి వచ్చిన చలి అయితేనే, వాన తడి ఉన్న కాలంలోనే, బండ మీద, చుట్టూ మూడు మీటర్లు ఆకు లేకుండా ఊడ్చి, అన్నం గిన్నె పట్టేంత చిన్నది.

తిండి కోసం వెతకొద్దు. రెండు రోజులు తినకపోయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్రాణాపాయం ఉండదు (షుగరు మందులు వాడేవాళ్లు తప్ప). ఉమ్మెత్త కాయలు, గురివింద గింజలు, అడవి ఆముదం పప్పులు పిల్లలు ఆటగా నోట్లో పెట్టుకునేవే, మూడూ విషాలే.

పాము కరిస్తే

మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఏది కరిచిందో తేల్చాల్సిన పని మీది కాదు. ఇక్కడ దొరికే విరుగుడు ఇంజక్షన్ ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. పామును చంపడానికో పట్టడానికో పోతే రెండో కాటు పడుతుంది.

కరిచిన సమయం చూసుకోండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు, వాచీ, బూటు లేసులు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవి రావు, రక్తం ఆపేస్తాయి. కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు, రెండు వైపులా కర్రలు పెట్టి గుడ్డతో కదలకుండా కట్టండి. బిగించొద్దు, గుడ్డ కింద వేలు దూరాలి. తాడుతో పైన బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఏదీ చేయొద్దు. పింజరి కాటుకు తాడు బిగిస్తే విషం ఒక్కచోటే నిలిచి కండ కుళ్లుతుంది, తాడు విప్పగానే ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. కోస్తే రక్తం గడ్డకట్టక ఆగదు. నొప్పికి ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేయొద్దు.

కరిచిన మనిషిని నడిపించకండి. రెండు గట్టి కర్రలకు దుప్పటి కట్టి డోలీ చేసి మోయండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోదు. 108కి చెప్పి, విరుగుడు నిల్వ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పే తెలియదు, గుర్తు కూడా సరిగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే, పామును ఎవరూ చూడకపోయినా అది పాముకాటే అనుకుని కదలండి. ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి.

ఎర్రతేలు కుట్టిన పిల్లలకు చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం మొదలైతే అదీ అంతే తొందర.

తేనెటీగలు, ఎలుగుబంట్లు, వాగులు

కొండ చరియలకు, పెద్ద చెట్లకు వేలాడే పెద్ద పట్లు పొగకు, సెంటు వాసనకు, డీజే మోతకు, రాయి తగిలినా కదులుతాయి. కదిలితే మొహానికి గుడ్డ కప్పుకుని, చిన్నపిల్లలను ఎత్తుకుని, ఒకే దిక్కున పరుగెత్తండి. చేతులు విసరకండి. నీళ్లలో దూకితే పైన తిరుగుతూ కాచుకుంటాయి. దట్టమైన పొద గానీ బండి గానీ మేలు. ముల్లును గోటితో వెంటనే గీకేయండి. ఎలా తీశారన్నది కాదు, ఎంత తొందరగా తీశారన్నది ముఖ్యం. పెదవులు, గొంతు వాచడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు వస్తే ఒక్క కాటైనా 108. చిన్నపిల్లలకు పది దాటితే బాగున్నట్టు కనిపించినా ఆసుపత్రికి.

ఎలుగుబంటి ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున, సందెవేళ ఇప్పచెట్ల కిందికి పోవద్దు. మలుపుల దగ్గర మాట్లాడుతూ, కర్ర చప్పుడు చేస్తూ నడవండి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక కప్పుకోండి.

వాగు దగ్గర చూడాల్సింది నీటి రంగు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి లారీ వస్తున్నట్టు మోత వినిపించినా, సామాను వదిలేసి పైకి ఎక్కండి. నిమిషాలే ఉంటాయి. మోకాలు దాటి వడిగా పారే నీటిని పిల్లలతో దాటొద్దు. ఎగువన వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి, ఒడ్డునే ఆగండి. జలపాతం మడుగులో ఒకరు మునిగితే ఇంకొకరు దూకకండి. తాడు, రెండు చీరలు ముడివేసిన పొడవు, ఖాళీ నీళ్ల డబ్బా, ఏదైనా విసరండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని పెట్టుకోకండి. ముందు నోట్లోకి ఊపిరి ఊది, ఆపై ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు ఐదు సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కుతూ, ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు.

మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల లోపు ఉంటే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉన్నట్టే. ఒంటరి చెట్టు, బండ శిఖరం, నీళ్లు వదిలి దిగండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

వడదెబ్బ

తలనొప్పి, చెమట, నీరసం ఉంటే నీడ, ఓఆర్‌ఎస్, విశ్రాంతి చాలు. ఒళ్లు కాలిపోతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, తూలుతుంటే అది వడదెబ్బ. ముందు చల్లబరచండి, మోయడం ఆ తర్వాత. బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, టవలుతో విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

ఈ సంచి ఇంట్లోనూ

తీరప్రాంతాల్లో, ఏటి ఒడ్డు ఊళ్లలో ఉండేవాళ్లు ఇవే సంచులను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తలుపు పక్క కొక్కేనికి తగిలించి ఉంచితే తుపానుకూ పనికొస్తాయి. ఆధార్, పాస్‌బుక్కు, పట్టాదారు పుస్తకం నకళ్లు జిప్ కవరులో, వారం మందులు, చిల్లర నోట్లు (కరెంటు పోతే ఫోన్‌పే పనిచేయదు), ఒక్కొక్కరికి మూడు రోజుల తాగునీరు కలపాలి.

తిరిగి వచ్చాక

ఇల్లు చేరగానే బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, పిల్లల చంకలు, గజ్జలు, చెవి వెనక, బొడ్డు చుట్టూ వెలుతురులో చూడండి, పిడుదులు పట్టేది అక్కడే. మూడు వారాల లోపు ఎవరికైనా జ్వరం వస్తే డాక్టర్‌కు మొదటి మాటగా అడవికి, ఏజెన్సీకి వెళ్లి వచ్చామని చెప్పండి. అది చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం కింద మాత్రలిచ్చి పంపేస్తారు. మలేరియా రక్తపరీక్ష అదే రోజు చేయించాలి. ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నొప్పి లేని నల్లటి పుండు ఉంటే చూపించండి, అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి గుర్తు. డాక్సీసైక్లిన్ లాంటి మందుతో తొందరగా తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది.